నీలం తాడు కట్టిన రెండు తుపాకులు

స్వాతీ, నా కుర్చీ నీకప్పగించి వచ్చేసిన రోజున అడిగావు గుర్తుందా, "దీదీ, ఈ సెక్షన్ గురించి నాలుగు ముక్కలు రాసివ్వండి" అని. హిందీలో రాసినా చాలన్నావు. తెలుగైతే అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవాలని నవ్వుతూ ఒప్పుకున్నావు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. కూడబలుక్కుని చదివేవాళ్లు ప్రతి మాట దగ్గరా ఒక్క క్షణం ఆగుతారు. తుపాకీ లైసెన్సుల సెక్షన్‌లో కావలసింది ఆ ఆగడమే. ఆ గుణం లేకుండా నేను చాలా ఏళ్లు దర్జాగా నెట్టుకొచ్చాను. అందువల్ల ఏ పాపమూ తెలియని ఇద్దరు రైతులు కేసులో ఇరుక్కోబోయారు. ఇది ఎక్కువగా ఆ సంగతే.

ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ ఫారం ఏ ఫైల్లో పెట్టాలో ఇందులో రాయను. అవన్నీ నువ్వే నేర్చుకుంటావు, లేదంటే నేర్చుకోకుండానే రిటైరవుతావు. రెండు రకాలవాళ్లనీ చూశాను.

ఒక్క తూటా పేల్చని బందూక్ దీదీ

మా తాత శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకి చేపల వేటకి వచ్చాడు. నాన్న మిన్నీ బేలో పడవ నడిపాడు. మా ఇంట్లో మొదట ఆఫీసు మెట్లెక్కింది నేనే. గుమాస్తా ఉద్యోగమనగానే ఇల్లంతా సంబరపడింది. ఏ సెక్షనో చెప్పాక మాత్రం నాన్న వల పక్కన పడేసి నావైపు తిరిగాడు.

"తుపాకులాఫీసేటే అమ్మా? బొద్దింకొస్తే మంచమెక్కేసే దానివి, నీకు తుపాకులిచ్చినారా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ముప్ఫై ఏళ్లకు పైగా వందల తుపాకులు నా బల్లమీదకి వచ్చాయి, పోయాయి. నేను ఒక్క తూటా కూడా పేల్చలేదు. అయినా బజారంతా నన్ను బందూక్ దీదీ, అంటే తుపాకుల అక్క, అనే పిలిచేది. చేపలమ్మే ఆమె కూడా, "బందూక్ దీదీ వచ్చింది, తూకం సరిగ్గా వెయ్యాల" అని పక్కామెతో అనేది. ఆ భయం నాకు బాగానే పనికొచ్చింది.

మన తుపాకులు దేనికో నీకు తెలుసు కాని, ఇది చదివే ఇంకెవరికైనా తెలియాలి కదా. ఈ దీవుల్లో జింకలు తామంతట తాము పుట్టలేదు. ఎప్పుడో తెల్లదొరలు తెచ్చి వదిలారు. వాటిని తినే పులులు ఇక్కడ లేవు. కాబట్టి అవి హాయిగా పెరిగి, మన రైతుల బెండతోటలు, దోసపాదులు, వరి మొలకలు మేస్తాయి. చంపితే నేరం. అందుకని పంట కాపలాకని కొందరు రైతులకి ఒంటి గొట్టం తుపాకులకి లైసెన్సులిచ్చారు. గాల్లోకి పేలిస్తే ఆ మోతకి జింకలు పరిగెడతాయి. అంటే మన తుపాకులు కాల్చేది ఆకాశాన్నే.

ఏడాదికోసారి రైతు తన తుపాకీని, లైసెన్సు పుస్తకాన్ని పట్టుకుని మన ఆఫీసుకి రావాలి. ప్రోతరాపూర్ బస్సులో తుపాకీని గోనెసంచిలో చుట్టి, పక్కనే సంతకి తెచ్చిన మునక్కాడల కట్ట పెట్టుకుని వచ్చేవారు. కండక్టర్ రెండిటినీ చూసి, "ఇందులో కూర ఏది, సర్కారు ఏది?" అని అడిగేవాడట. నా పని ఒక్కటే. తుపాకీ మీద చెక్కిన నంబరూ పుస్తకంలో ఉన్న నంబరూ ఒకటేనా అని చూడాలి. ఒకటే అయితే "నంబరు సరిచూశాను" అని రాసి, సంతకం చేసి, ముద్ర వెయ్యాలి. అంతే. ఆ ఒక్కటీ నేను సరిగ్గా చేయలేదు.

బడేబాబు సుద్దముక్క

నేను చేరినప్పుడు సెక్షన్‌కి పెద్ద ఒక ముసలాయన. హిందీ తప్ప ఇంకో ముక్క మాట్లాడేవాడు కాదు. అందరికీ ఆయన బడేబాబు. టీ చల్లారితే అరిచేవాడు, వేడిగా ఉన్నా అరిచేవాడు. మొదటి రోజే నా చేతికి కిరసనాయిలు గుడ్డ, సుద్దముక్క ఇచ్చాడు. టీచర్ ఉద్యోగానికి పంపించేస్తున్నాడేమో అనుకున్నాను.

తర్వాత తెలిసింది. ఇక్కడి ఉప్పుగాలికి ఇనుము నెలలో తుప్పు పడుతుంది. గొట్టం మొదట్లో చెక్కిన చిన్న అంకెలు కంటికి ఆనవు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, సుద్దతో రుద్ది, బొటనవేలితో పైపైన చెరిపితే, గాడుల్లో సుద్ద నిలిచి అంకెలు తెల్లగా పైకొస్తాయి. మొదటిసారి అలా నంబరు తేలినప్పుడు నాకు భలే సంతోషమేసింది. బడేబాబు మాత్రం నవ్వలేదు. "ముందు తుపాకీని తాకు, తర్వాత మనిషి మొహం చూడు" అన్నాడు. మొహం ముందు చూస్తే తెలిసినవాడే కదా అనిపిస్తుంది, ఇక తుపాకీని చూడబుద్ధి కాదు, అని ఆయన లెక్క.

ఒక్కో తుపాకీకి పది నిమిషాలు పట్టేది. వరండాలో రైతులు గొణిగేవారు. నా గోళ్లు నల్లబడేవి, చీరలన్నీ కిరసనాయిలు కంపు కొట్టేవి. ఆయన రిటైరైన మర్నాడే సుద్దముక్కని సొరుగు వెనక్కి తోసేశాను.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. "అదే బందూకా?" అని అడిగేదాన్ని. "అదే దీదీ" అనేవారు. ముద్ర పడేది. ముసలాయన మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టేవాడు, దీదీ మొదటి బస్సుకే పంపించేస్తుందని నాకు మంచి పేరొచ్చింది. ఆ పేరు నాకు బాగా నచ్చింది. స్వాతీ, తొందరగా పని చేస్తావని ఎవరైనా పొగిడితే కొంచెం జాగ్రత్తగా ఉండు. వాళ్లకి నువ్వు ఇష్టం కాదు, బస్సు అందడం ఇష్టం.

ఎన్నికల ముందు వాన

ఎన్నికలొస్తే లైసెన్సున్న తుపాకులన్నీ ఠాణాలో అప్పగించాలి, అయిపోయాక తిరిగి తీసుకోవాలి. ఒక్కో తుపాకీకి అట్టముక్క కట్టి, దానిమీద యజమాని పేరు రాస్తారు. ఒకసారి ఆ అప్పగింతల్లో సాయానికి నన్నూ పంపారు. ఓట్లు పడేలోగా పెద్ద వాన కురిసింది. తుపాకులున్న గది కప్పు కారింది. తిరిగి ఇచ్చే రోజున తాళం తీసి చూస్తే అట్టముక్కలమీద ఒక్క పేరూ లేదు. అన్నీ నీలం మరకలే.

సుద్దా, కిరసనాయిలూ తెప్పించుకుని ప్రతి నంబరూ చదవాల్సిన రోజది. బయట నలభై మంది ఉన్నారు. ఒక్కటే బస్సు. నేను గడప మీద నిలబడి, "ఎవరి తుపాకీ వాళ్లు గుర్తుపట్టి తీసుకోండి" అన్నాను. రైతులు చప్పట్లు కొట్టినంత పని చేశారు. ఎవరి పనిముట్టు వాళ్లకి తెలియదా? పిడి మీద గీత, గొట్టం మీద నొక్కు చూసి చకచకా తీసుకున్నారు.

చివరికి ఇద్దరు మిగిలారు, సింహాచలం, హరిపద. ప్రోతరాపూర్ దాటాక కొండ దిగువన వాళ్ల పొలాలు పక్కపక్కనే. సింహాచలం మాలాగే చేపల వేటగాళ్ల ఇంటివాడు. కాని పడవెక్కితే కడుపులో తిప్పుతుందని ఒడ్డుమీద కూరగాయల సాగుకి దిగాడు. వాళ్ల నాన్న చాలాకాలం ఆ సిగ్గుతో జాలర్ల సంఘం మీటింగులకి పోలేదట. హరిపద వాళ్లది బెంగాలీ కుటుంబం. ఇక్కడే పుట్టాడు. సింహాచలంతో తిరిగి తిరిగి తెలుగు నేర్చాడు. అప్పట్లో ఇద్దరికీ ఒక్క బీడీ చాలేది. ఇద్దరూ ఒకే రోజు, ఒకే కొట్టులో, ఒకే రకం తుపాకులు కొన్నారు. నంబర్లలో చివరి అంకె ఒక్కటే తేడా.

కొన్నాళ్లకి రెండింటి పిడులూ మెడ దగ్గర పగిలాయి. సింహాచలం పడవ వదిలేశాడు గాని, చేతులకి వల పని మర్చిపోవడం రాలేదు. వలలు కట్టే నీలం నైలాను తాడు తెచ్చి తన పిడికి బిగించి కట్టాడు. స్నేహితుడి పిడికీ అదే కట్టు కట్టాడు. కట్టు బిగువు కోసం ఇనుము మీదకి కూడా నాలుగు చుట్లు తిప్పాడు. సరిగ్గా నంబరున్న చోటికి.

గోడకి రెండు నీలం కట్లు ఆనించి ఉన్నాయి. "ఇందులో నీదేది?" అన్నాను.

సింహాచలం పకపకా నవ్వాడు. "ఏదైతే ఏటి దీదీ? రెండూ నా సేతి కట్టే గదా!"

ఒకటి అతను తీసుకున్నాడు, ఒకటి హరిపద తీసుకున్నాడు. నేనూ నవ్వి రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించుకున్నాను. బస్సు అందింది.

జింకల్ని లెక్కపెట్టేదెవరు?

తర్వాత పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఇద్దరూ ఏటేటా వచ్చేవారు, కాని వేర్వేరు రోజుల్లో. మాటలు ఆగిపోయాయి. కారణం జింకలే. సింహాచలం తన పొలం అంచున నిలబడి పేలిస్తే, అవి హరిపద పొలంలోకి దూకేవి. హరిపద పేలిస్తే, ఇవతలకి దూకేవి. ఇతను తోలాడని అతను, అతను తోలాడని ఇతను. హరిదా అని వరస కలిపి పిలిచే నోటితోనే సింహాచలం, ఇంటిపేరు పట్టుకుని 'ఆ మండల్‌గాడు' అనడం మొదలుపెట్టాడు. నేను మాత్రం ఇద్దరి నీలం కట్లనీ దూరం నుంచే చూసి ముద్ర వేస్తూనే ఉన్నాను.

ఇంతలో కొత్త ఉత్తర్వు వచ్చింది. దేశంలోని ప్రతి లైసెన్సూ ఒకే కంప్యూటర్లోకి ఎక్కాలి, గడువులోగా ఎక్కని లైసెన్సు చెల్లదు. మనకి కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ చిన్న వయసుది, మెయిన్‌లాండ్ మనిషి. పద్ధతంటే పద్ధతే. ప్రోతరాపూర్ పంచాయతీ హాల్లో రైతులతో మీటింగు పెట్టించింది. నేను ఆమె పక్కన ఫైళ్లు పట్టుకుని కూర్చున్నాను.

హరిపద లేచాడు. "ఇన్నేళ్ల నుంచి నా దగ్గర బందూక్ ఉంది మేడమ్. ఎవర్నీ కొట్టలేదు, ఎవర్నీ బెదిరించలేదు. ఢిల్లీలో ఉన్న కంప్యూటర్‌కి నా బందూక్‌తో ఏం కామ్?"

హాలు రెండో చివర నుంచి సింహాచలం లేచాడు. హరిపద వైపు చూడలేదు గాని, మాట మాత్రం అటే పలికింది. "ఇయ్యాల నెంబరియ్యమంతారు, రేపు బందూకే ఇచ్చెయ్యమంతారు. సర్కారోలు ఊరికే లెక్కెడతారేటి? బందూకుల్ని లెక్కెట్టినోలు, ముందల జింకల్ని లెక్కెట్టండి. మా గట్టు మీద నిలబడి ఎన్నున్నాయో రాసుకోండి!"

హాలంతా ఈలలు. నాక్కూడా నవ్వొచ్చి ఫైలు అడ్డం పెట్టుకున్నాను.

ఆఫీసరమ్మ ఈలలు ఆగేదాకా ఆగింది. హిందీలో ఆమె అన్నది ఇది: "నేను పనిచేసిన ఇంకో చోట ఒక తుపాకీ దొంగతనం అయింది. దొరికింది కూడా. కాని ఏ పుస్తకంలో నంబరూ సరిగ్గా లేక, అది ఎవరిదో చెప్పలేకపోయాం. ఏ తప్పూ లేని రైతు ఒకాయన నెలల తరబడి ఠాణా చుట్టూ తిరిగాడు. రేపు మీ తుపాకీతో ఎవరైనా ఏదైనా చేస్తే, ఇది మీది కాదని నేను దేన్ని చూసి చెప్పాలి?"

ఆ తర్వాత ఆమె ఉత్తర్వులోని ఆఖరి వాక్యం చదివింది. నంబరు సరిపోలని తుపాకీ విచారణ పూర్తయ్యేదాకా ఠాణాలోనే ఉంటుంది. మళ్లీ గోల మొదలైంది. విచారణంటే ఏడాది, రెండేళ్లు. జింకలకి ఒక్క వారం చాలు.

ఈ వాదన నువ్వు ప్రతి ఏడాదీ వింటావు. నా మాట సూటిగా చెప్తాను. తుపాకీ ఎవరి దగ్గర ఉందో తెలుసుకునే హక్కు సర్కారుకి ఉంది. అడ్డదిడ్డంగా అడిగితే ఎదురు తిరిగే హక్కు రైతుకీ ఉంది. ఆఫీసరమ్మ చెప్పిందీ నిజమే, సింహాచలం అన్నదీ నిజమే. ఆ హాల్లో అబద్ధం ఒక్కటే ఉంది. అది నా ఒళ్లో ఉన్న రిజిస్టర్. అప్పటికి ఆ సంగతి నాకు తెలియదు. మన లెక్కలు శుభ్రంగా ఉన్నాయనే ధీమాతో ఆమె పక్కన తలాడిస్తున్నాను.

కట్టు విప్పిన రోజు

మర్నాడు అదే హాలు వరండాలో క్యాంపు పెట్టాం. ఈసారి నంబరుని ఫోటో తియ్యాలి. ఫోటో అనేసరికి నాకు బడేబాబు గుర్తొచ్చాడు. సొరుగంతా వెతికితే సుద్దముక్క దొరికింది. అరిగిపోయి వేలెడు కూడా లేదు. తీసుకెళ్లాను.

సింహాచలం వంతు వచ్చింది. తుపాకీని బల్లమీద పెట్టాడు. ఆఫీసరమ్మ నీలం కట్టుని వేలితో తట్టి, "నంబరేది?" అంది.

"దాని కింద ఉంటాది మేడమ్."

"విప్పండి."

సింహాచలం తన చేతి కట్టుని బాధగా చూసుకున్నాడు. నైలాను కదా, ఇన్నేళ్ల ఉప్పుగాలికీ చెక్కుచెదరలేదు. విప్పడానికే పావుగంట పట్టింది. నేను తుడిచి, సుద్ద రుద్ది, బొటనవేలితో చెరిపాను. తెల్లగా అంకెలు తేలాయి. పుస్తకంతో సరిచూస్తే ఆఖరి అంకె వేరే. మళ్లీ తుడిచి మళ్లీ రుద్దాను. అంకె మారలేదు.

"దీదీ, ఏటైంది?" అన్నాడు సింహాచలం. "నా బందూక్ నాది కాదంతావా? నాది కాపోతే మరెవుడిది?"

వరసలో నలుగురి వెనక హరిపద ఉన్నాడు. అతని చేతిలోని నీలం కట్టు వైపే చూస్తున్నాను. పిలిచి ఆ కట్టూ విప్పించాను. అతని తుపాకీ నంబరు సింహాచలం పుస్తకంలో ఉంది. సింహాచలం తుపాకీ నంబరు అతని పుస్తకంలో ఉంది.

క్యాంపుకొచ్చిన పోలీసాయన కలం తీశాడు. తన లైసెన్సులో లేని తుపాకీ దగ్గర పెట్టుకోవడం నేరం. రెండు తుపాకులు, రెండు నేరాలు. ఆఫీసరమ్మ మొహం బిగుసుకుంది. "రెండూ ఠాణాకి పంపండి" అంది.

సింహాచలానికి అప్పటికి విషయం తలకెక్కింది. కేసు సంగతి పక్కన పెట్టి హరిపద మీదకి తిరిగాడు.

"ఒరే! అంటే పద్దెనిమిదేళ్లూ నా బందూక్‌తోనే నా దోసపాదు మీదికి జింకల్ని తోలినావురా?"

"తూ భీ తో, నువ్వూ అంతే!" అన్నాడు హరిపద. "నా బందూక్‌తో నా బెండకాయలు మొత్తం జింకలకి పెట్టావు! నా బందూక్‌కి లైసెన్స్ ఫీజు నేను కడతాను, మోత నీకు!"

"నా తూటాలు నేనే కొన్నాను గదేటి!"

"బందూక్ ఎవరిది? బందూక్!"

వరసలో ఉన్నవాళ్లు నేలమీద కూర్చుని మరీ నవ్వారు. పోలీసాయన కలం పట్టుకునే నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సింహాచలం దోసపాదు పూత మీద ఉంది. హరిపద బెండ అప్పుడే కాపుకొచ్చింది. రెండిళ్లకీ ఏడాది తిండి అదే. తుపాకులు రెండూ ఠాణాకి పోతే వారంలో కొండ దిగువన ఆకు మిగలదు. పైన కేసు. ఆ రెండూ నా గడప మీది మాట వల్లే.

ముప్ఫై ఆరు సంతకాలు

భోజనం వేళ వరండా వెనక కూర్చుని రిజిస్టర్ తెరిచాను. ఏటా రెండు చొప్పున పద్దెనిమిదేళ్లు. ముప్ఫై ఆరు చోట్ల నా అందమైన దస్తూరీలో "నంబరు సరిచూశాను". నా రిటైర్మెంట్‌కి మూడు నెలలుంది.

వెంటనే లేచి వెళ్లి నిజం చెప్పేశానని రాస్తే బాగుంటుంది గాని, అలా జరగలేదు. ముందు టీ తాగాను. తర్వాత ఇంకో టీ తాగాను. రైతులే కావాలని మార్చుకున్నారని చెప్తే ఎవరు కాదంటారు? వాళ్లకే ఏమీ గుర్తులేదు. ఆ వానలో అట్టముక్కలు చెరిగిన సంగతి నాకొక్కదానికే గుర్తుంది. పెన్షన్ ఆగిపోతే ఏం చెయ్యాలో కూడా లెక్క వేసుకున్నాను. బ్రూక్షాబాద్‌లో మా ఇంటి ముందు టీకొట్టు పెట్టుకోవచ్చనుకున్నాను. చేతిలో ఉన్న టీ మరీ పల్చగా ఉంది, ఇంతకన్నా బాగా పెట్టగలనని ధైర్యమొచ్చింది. లేచాను.

ఆఫీసరమ్మ ముందు రిజిస్టర్ పరిచి, వాన, అట్టముక్కలు, బస్సు, నేను గడప మీద అన్న మాట, అన్నీ వరసగా చెప్పాను.

"పద్దెనిమిదేళ్లలో ఒక్కసారైనా నంబరు చూశారా?" అంది.

"లేదు మేడమ్."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా లేదు."

రిజిస్టర్ పేజీలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. "నిన్న హాల్లో వాళ్లందరికీ ఉపన్యాసం ఇచ్చాను, మన పుస్తకం వాళ్లకి రక్షణ అని" అంది చివరికి. "రాసివ్వండి."

అక్కడే, అదే బల్లమీద ఒక పేజీ రాశాను. నా సర్వీసులో ఇంత తొందరగా, ఇంత నిజంగా రాసిన కాగితం ఇంకోటి లేదు. ఆమె దానికింద తన మాట రాసింది. తప్పు ఆఫీసుది, రైతులది కాదు. తుపాకులు తన ఎదుటే మార్చి, ఆ రోజే కంప్యూటర్లో ఎక్కించాలి. అది చదివి పోలీసాయన కలం జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆమె పై అధికారికి ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడింది. ఉత్తర్వులో విచారణ అయ్యేదాకా ఠాణాలో అన్న వాక్యం మన దీవులమటుకు మారింది. తేడా మన రిజిస్టర్లో ఉంటే ఏడు రోజుల్లో మనమే తేల్చాలి, అప్పటిదాకా తుపాకీ రైతు దగ్గరే. "తప్పు మన పుస్తకంలో ఉంటే పంట వాళ్లదెందుకు పోవాలి?" అని ఆమె ఫోన్లో అనడం నేను విన్నాను. ఆ క్షణంలో ఆ పిల్ల మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

నాకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. పెన్షన్ ఆగలేదు, ఆగుతుందేమోనని మూడు నెలలు వణికాను మాత్రం. ఆ హెచ్చరిక ఇప్పటికీ నా బీరువాలో మంచి చీరల కింద ఉంది. నా గురించి ఆఫీసు రాసిన కాగితాల్లో అదొక్కటే పూర్తిగా నిజం.

కిటికీ

సాయంత్రానికి వరండా ఖాళీ అయింది. తుపాకులు మారాయి. పుస్తకాలూ తుపాకులూ సరిపోయాయి. ఇద్దరూ ఎవరి తుపాకీ వాళ్లు పట్టుకుని నిలబడ్డారు. కట్లు విప్పేసరికి రెండు పిడులూ మెడ దగ్గర ఊగుతున్నాయి.

సింహాచలం కాసేపు చూశాడు. తర్వాత నేలమీద చతికిలబడి, గుట్టగా పడున్న నీలం తాడుని ఒళ్లోకి లాక్కున్నాడు. చెయ్యి చాపాడు.

"ఇలా తే, హరిదా."

పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ పిలుపు విన్నాను. హరిపద తన తుపాకీ ఇచ్చి ఎదురుగా కూర్చుని, తాడు చివర పట్టుకున్నాడు. సింహాచలం ముందు అతనిదే కట్టాడు. ఇనుము దగ్గరకొచ్చాక ఆగి నన్ను చూశాడు.

"దీదీ, మరిక్కడేటి సేద్దును?"

"నంబరు మూయకు. కొంచెం చోటు వదులు."

వల కన్ను అల్లినట్టు తాడుని నంబరుకి రెండు పక్కలా మళ్లించి, మధ్యలో చిన్న కిటికీ వదిలాడు. అందులోంచి అంకెలు కనిపిస్తున్నాయి. రెండో తుపాకీకీ అంతే కట్టాడు.

"ఇప్పుడు బిగుతే. మరి జింకలు?" అన్నాడు హరిపద.

"ఇద్దరం ఒకేపు నిలబడి పేలిస్తే కొండెక్కి పోతాయి గదేటి. ఎదురెదురుగా పేల్చుకుని పద్దెనిమిదేళ్లు పెంచినాం వాటిని."

ఆ మాటకి ముగ్గురం నవ్వి నవ్వి అలిసిపోయాం. అందుకే ఆ సాయంత్రం ఆఖరి బస్సు తప్పిపోయింది. నా సర్వీసులో బస్సు తప్పిపోయినందుకు సంతోషించింది ఆ ఒక్కసారే.

నా ఆఖరి పనిరోజున ఇద్దరూ కలిసి ఆఫీసుకి వచ్చారు. భుజాన గోనెసంచి. అందులో తుపాకులున్నాయి, వాటి పక్కన దోసకాయలూ బెండకాయలూ ఉన్నాయి. ముద్రకి ఇంకా నాలుగు నెలలు గడువుందని చెప్పాను.

"గడువు కోసం రాలేదు దీదీ" అన్నాడు సింహాచలం. "నువ్వెల్లిపోయే ముందల ఓపాలి సూసీ."

సుద్దముక్క తీశాను. గుడ్డతో తుడిచాను. కిటికీలో రుద్ది బొటనవేలితో చెరిపాను. ఒక్కో అంకెనీ పుస్తకంతో సరిచూశాను. అప్పుడు రాశాను, "నంబరు సరిచూశాను" అని. రాస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అదే వాక్యం వేలసార్లు రాసిన చేతికి, నిజంగా చూసి రాయడం ఇంత సంతోషమని అంతకాలం ఎందుకు తెలియలేదో.

స్వాతీ, వాళ్లు మార్చిలో వస్తారు. దోసకాయలు తెస్తారు, తీసుకో. అరటిపండు కూడా పెట్టి టీ ఇవ్వు. కాని ముందు కిటికీలోకి చూడు. సుద్దముక్క పై సొరుగులో, కుడివైపు మూలన ఉంది. నీ చేతికి అందేలా ముందుకి జరిపి వచ్చాను.